మన దరఖాస్తు మన వేళ్లతోనే

పోయినేడు మా వాడకట్టు అక్క ఒకామె ఫిర్యాదు రాయించనీకి టైపు దుకాణానికి పోయింది. నలుగురి ముందట కులం పేరు పెట్టి తిట్టిండ్రని చెప్పింది. టైపు చేసినాయన 'మాటామాటా పెరిగి గొడవైనది' అని కొట్టి, పైసలు తీసుకొని కాయితం చేతిల పెట్టిండు. 1989 అట్రాసిటీ చట్టం కింద తిట్టిన కేసుకు ప్రాణం ఆ నలుగురి ముందటి కులం మాటే. అదే ఎగిరిపోయింది. అక్కకు చదువు రాదు, చదువొచ్చిన మనకేమో టైపు రాదు.

1990ల మొదట్ల సింగరేణిల లక్షకు పైగా కార్మికులుండిరి. ఇప్పుడు అండ్ల సగం గూడ లేరు. గోలేటి పిల్లలు బాయి పని మీద ఆశ పెట్టుకునే కాలం పోయింది. ఢిల్లీ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గుమాస్తా కొలువుకు నిమిషానికి 35 ఇంగ్లీషు మాటలు కొట్టాలె. మనోళ్లు ఫోన్ల బొటనవేలితోని దబదబ కొడతరు, కంప్యూటర్ ముందట కూసుంటే ఒక్క వేలితోని అక్షరం దేవులాడుతరు.

నేర్వనీకి ఫీజు కట్టే పని లేదు. క్లావారో, కెటచ్, జీఎన్‌యూ టైపిస్ట్ అనే పాఠాల సాఫ్ట్‌వేర్లున్నయి. ఉత్తగనే వస్తయి, ఎంతమందికైనా పంచుకోవచ్చు. ఒక్కసారి ఎక్కిస్తే నెట్టు అక్కరలేదు. ఉత్తగ వచ్చేది నాసిరకం అనుకునుడు తప్పు. సాఫ్ట్‌వేర్ ఎవని సొత్తూ కావద్దని 1983ల రిచర్డ్ స్టాల్మన్ మొదలుపెట్టిన జీఎన్‌యూ పనిల నుంచి పుట్టిన దారి ఇది.

తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ నేర్వుండ్రి. లినక్స్‌ల, విండోస్‌ల ముందే ఉంటది. గుణింతం గుర్తులు ఎక్కువ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువ కుడి చేతికి. 'గోలేటి' కొట్టి చూడుండ్రి: గ కుడి, ఓత్వం ఎడమ, ల కుడి, ఏత్వం ఎడమ, ట కుడి, గుడి ఎడమ. నాట్లేసినట్టు చేతులు ఒకదానెనక ఒకటి నడుస్తయి. ఎఫ్, జె బటన్ల మీద చిన్న గీత తాకుతది, చూపుడు వేళ్ల జాగ అదే. సర్కారు తెలుగు టైపు పరీక్షకు పోయేటోళ్లు మాత్రం అక్కడ ఏ కీబోర్డు అడుగుతరో ముందే తెలుసుకోవాలె, మిషన్ అక్షరాల వరుస వేరే.

రోజూ అరగంట చాలు, కిందికి చూడొద్దు. మొదట స్పీడు పడిపోతది, అప్పుడే చానామంది ఇడిచిపెడతరు. ఆడపిల్లలను ముందు కూసోబెట్టుండ్రి, మొగపిల్లలు కుర్చీ ఇడువరు.

మా వాడల పాత కంప్యూటర్ ఒకటున్నది, ఇంకొకటి కావాలె. కీబోర్డు మీద అక్షరాలు అరిగినా సరే, చూడకుంట కొట్టేటోళ్లకు వాటితోని పనిలేదు.