ఫార్మాట్ కొట్టే ముందు కరెంటు సంగతి చూడండి

డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోందని చెప్తే చాలు, రిపేరు కౌంటర్ వెనక నుంచి వినబడే మొదటి మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’. ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనైనా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా చాలా కౌంటర్లలో ఇదే తంతు. ఎంతో కొంత తీసుకుని విండోస్ కొత్తగా వేసి పంపిస్తారు. నాలుగు రోజులు పోయాక కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈలోగా పిల్లల ఫొటోలు, సగం రాసిన థీసిస్, ట్యాలీ లెక్కలు తుడిచిపెట్టుకుపోతాయి. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట అయిన ఈ పద్ధతి మానుకోవాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది.

ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతంలో ఇలా మొరాయించే డెస్క్‌టాప్‌ను గోడ సాకెట్ దగ్గర్నుంచి పరీక్షించుకు రావాలి. 2024 జూన్ 19న ఢిల్లీ విద్యుత్ డిమాండ్ 8,656 మెగావాట్లకు చేరింది. అప్పటిదాకా నగరం ఎరగని రికార్డు అది. అలాంటి ఎండల్లో ఇంటింటా ఏసీలు నడుస్తుంటే, మునిర్కా, లక్ష్మీనగర్ వంటి చోట్ల అంతస్తు మీద అంతస్తు లేపుకుంటూ పోయిన ఇళ్ల పాత వైరింగ్‌లో ఓల్టేజీ పడిపోవడం వింతేమీ కాదు. జేఎన్‌యూ చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉండే మన తెలుగు విద్యార్థులకు ఈ బాధ కొత్త కాదు. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కూలర్, ఇండక్షన్ స్టవ్, కంప్యూటర్ మూడూ తగిలించి ఉంటాయి. కూలర్ మోటారు అందుకోగానే మానిటర్ నల్లబడి, మళ్లీ కంపెనీ లోగో కనబడుతుంది. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తొడిగి ఉంటే ఎర్తింగ్ కూడా లేనట్టే. చెయ్యి తగిలినప్పుడు క్యాబినెట్ సన్నగా జివ్వుమంటోందంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. విండోస్ ఎన్నిసార్లు వేసినా ఆ వైరింగ్ బాగుపడదు.

నోయిడా, ఇందిరాపురం, గురుగ్రామ్ అపార్టుమెంట్లలో సమస్య ఇంకో రకం. కరెంటు పోగానే సొసైటీ జనరేటర్ అందుకుంటుంది కదా అని చాలామంది యూపీఎస్ కొనరు. కానీ గ్రిడ్ నుంచి జనరేటర్‌కు మారడానికి కొన్ని సెకన్లు పడుతుంది. డెస్క్‌టాప్ పవర్ సప్లైలకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం కరెంటు అందకపోయినా కంప్యూటర్ లోపలి పవర్ సప్లై డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్, నిలబడాల్సింది 16, 17 మిల్లీసెకన్లే. మన 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక్క ఆవృత్తికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్యాను వేగం తగ్గినట్టు కూడా తెలియని లిప్తపాటు అంతరాయానికే మదర్‌బోర్డు రీసెట్ అవ్వడానికి కారణం ఇదే. యూపీఎస్ ఉన్నవాళ్లూ నిశ్చింతగా ఉండటానికి లేదు. 600 వీఏ అని రాసి ఉన్న మామూలు యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లే. బ్యాటరీ రెండు మూడేళ్లు దాటితే అదీ అనుమానమే.

సాకెట్ తర్వాత వంతు ఎస్‌ఎంపీఎస్‌ది. అసలు దొంగ చాలాసార్లు ఇక్కడే దొరుకుతాడు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లని ఉంటుంది. దాని పక్కనే చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లని ఉందనుకుందాం. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఆధారపడేది ప్రధానంగా ఆ 192 మీదే. పైగా ఈనాటి గ్రాఫిక్స్ కార్డులు రెప్పపాటులో సగటు కంటే ఎన్నో వాట్లు ఎక్కువ లాగుతాయి. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని చెప్పింది. గేమ్ ఆడుతున్నప్పుడో, వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడో మాత్రమే ఆగిపోయే కంప్యూటర్‌కు ముందుగా వేరే మంచి ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడాలి. రంగురంగుల లైట్లకు పోసే డబ్బు ఈ డబ్బాకు పెట్టి ఉంటే ఎంతోమందికి ఈ తిప్పలే ఉండేవి కావు.

దుమ్మును తేలిగ్గా తీసుకోకూడదు. వేసవి దుమ్ము తుపానులు (ఆంధీలు), ఏడాది పొడవునా సాగే నిర్మాణాలు కలిసి ఇక్కడి హీట్‌సింక్‌ల రెక్కల మధ్య దట్టమైన పొర పేరుస్తాయి. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎండి పెచ్చులు కడుతుంది. వేడి బయటికి పోక యంత్రం ఆగిపోతుంది. పాత యంత్రమైతే మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో టార్చి వేసి చూడాలి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతటా కంప్యూటర్లను దెబ్బతీశాయి. ఆ మరమ్మతుల కోసం డెల్ సంస్థ 2005లో 30 కోట్ల డాలర్ల భారం మోయాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ తప్పు ఎప్పుడూ ఉండదని కాదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వైరస్ సోకిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు 60 సెకన్లు లెక్కపెట్టి మరీ రీస్టార్ట్ అయ్యేవి. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ఇండిగో ప్రయాణికుడికి ఆ రోజు బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు. అయితే అదే ఏడాది ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని వాటంతటవే అస్థిరమవుతున్నాయని తేలింది. వాటి వారంటీని కంపెనీ మరో రెండేళ్లు పెంచింది. ఫార్మాట్ కొడితే ఆ చిప్పు బాగుపడదు.

తప్పు ఎటువైపుందో చెప్పే ఆధారం కంప్యూటర్‌లోనే ఉంటుంది. బ్లూ స్క్రీన్ రాగానే రీస్టార్ట్ అయిపొమ్మని విండోస్‌లో ముందే అమర్చి ఉంటుంది. ఆ సెట్టింగుకు ఎదురుగా ఉన్న టిక్కు తీసేస్తే ఎర్రర్ తెర మీద నిలిచి కనబడుతుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఈవెంట్‌ను వెతకాలి. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా అని ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాకుండానే యంత్రం ఆగిందని అర్థం. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది కరెంటును, ఎస్‌ఎంపీఎస్‌ను, వేడిని. వేరే అంకె ఉంటే డ్రైవర్లు, ర్యామ్ చూడాలి. రాత్రి పడుకునే ముందు మెమ్‌టెస్ట్86 అనే పరీక్షా ప్రోగ్రామ్ పెడితే ర్యామ్ సంగతి తెల్లారేసరికి చాలావరకు తేలిపోతుంది. ర్యామ్ పరీక్ష పక్కన పెడితే, ఆ లాగ్ చూడటానికి మెకానిక్‌కు పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు పెట్టనివాడి చేతిలో డేటా పెట్టకూడదు.

మరమ్మతు హక్కు పేరుతో కేంద్రం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెచ్చింది. పోర్టల్ ఒక్కటే చాలదు. ఏ భాగం చెడింది, ఎలా తేల్చారు అన్నది రిపేరు షాపు కాగితం మీద రాసివ్వాలన్న నిబంధన రావాలి. అది వచ్చేలోగా కొనుగోలుదారులే గట్టిగా అడగాలి. కౌంటర్ మీద సీపీయూ పెట్టగానే 41 నంబరు ఈవెంట్ చూశారా అని అడగండి. వేరే ఎస్‌ఎంపీఎస్‌తో నడిపి చూపించమనండి. డేటా కాపీ చేతికొచ్చేదాకా ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఇవ్వననే షాపు మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.