బెంచి వెనక మనిషి

క్రికెట్లో పన్నెండో ఆటగాడిగా మిగిలినవాడి మొహం చూస్తే జాలేస్తుంది. ఐస్ హాకీలో ఆ బాధ లేదు. ఎంతటి మొనగాడైనా మంచు మీద ఉండేది ఒక దఫాకు ముప్పావు నిమిషం. ఆ కాసేపూ ప్రాణం పెట్టి ఆడి, రొప్పుకుంటూ వచ్చి, అడ్డగోడ దాటి బెంచి మీద కూలబడతాడు. ఈలోపే మరొకడు మంచు మీదికి దూకేసి ఉంటాడు. ఆట మాత్రం ఆగదు. అరవై నిమిషాల మ్యాచ్‌లో పేరున్న ఫార్వర్డు సైతం ఇరవై నిమిషాలు ఆడితే గొప్ప. అందరూ వచ్చిపోయే ఆ బెంచి వెనక మొదటి నుంచి చివరి దాకా మామూలు బూట్లతో నిలబడి ఉండేవాడు కోచ్.

ఫిన్లాండ్ జాతీయ జట్టు బెంచి వెనక రెండు విడతలుగా పదకొండేళ్లు అలా నిలబడిన మనిషి యుక్కా యలొనెన్. ఇంగ్లిషు అక్షరాలు చూసి జుక్కా జలోనెన్ అని చదివేస్తాం గానీ, ఫిన్లాండ్ వాళ్లకు ఆ ‘జె’ మన ‘య’. 1962లో రీహిమాకి అనే రైల్వే కూడలి ఊళ్లో పుట్టారు. ఆయనా ఆడారు. అయితే ఆటగాడిగా ఆయన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. ఆ దేశం తలుచుకునే ఆటగాళ్లు వేరే ఉన్నారు. 1995లో ఫిన్లాండ్ తొలిసారి ప్రపంచ విజేత అయినప్పుడు ఫైనల్లో మూడు గోల్స్ కొట్టిన విల్లే పెల్టొనెన్ పేరు చెబితే ఇప్పటికీ అక్కడివాళ్ల కళ్లు మెరుస్తాయి. స్వీడన్ మీద, స్వీడన్ రాజధానిలోనే, ఒక స్వీడన్ కోచ్ నేర్పిన ఆటతో గెలిచిన మ్యాచ్ అది. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదేనేమో!

ఆ తర్వాత రెండో ప్రపంచ స్వర్ణానికి పదహారేళ్లు పట్టింది. ఆ లోపల యలొనెన్ చిన్న ఊళ్ల క్లబ్బుల్లో పని నేర్చుకున్నారు. 2006లో హమేన్‌లిన్నా పట్టణ జట్టు హెచ్‌పీకేకు దాని చరిత్రలోనే మొదటి జాతీయ టైటిల్ తెచ్చిపెట్టారు. 2008లో జాతీయ జట్టు చేతికొచ్చింది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కాంస్యం. 2011లో బ్రాటిస్లావాలో స్వీడన్‌ను 6-1తో చిత్తుచేసి స్వర్ణం. ఆ టోర్నీ సెమీఫైనల్లో కుర్రాడు మికాయెల్ గ్రాన్‌లుండ్ పక్ అనే ఆట బిళ్లను కర్ర చివరన గరిటెతో అట్టు ఎత్తినట్టు ఎత్తి రష్యా గోల్‌లో పడేశాడు. ఆ గోల్ మీద ఫిన్లాండ్ తపాలా శాఖ ఏకంగా స్టాంపు వేసింది. స్టాంపు మీద కోచ్ ఉండడు కదా.

ఆయన పనితనం తెలియాలంటే 2019 జట్టును చూడాలి. ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగే మే నెలలో అమెరికా ఖండపు వృత్తి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఇంకా నడుస్తూ ఉంటుంది. పెద్ద ఆటగాళ్లలో కొందరు అక్కడ చిక్కుకుపోతారు, కొందరు అలిసిపోయి రాలేమంటారు. ఆ ఏడాది ఫిన్లాండ్‌కు దొరికినవాళ్లలో బయటి ప్రపంచానికి తెలిసిన పేర్లు దాదాపు లేవు. పిండి కొద్దీ రొట్టె అని సరిపెట్టుకోవాల్సిన పరిస్థితి. కెప్టెన్ మార్కో ఆంటిలా ఎత్తు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. సొంతవాళ్లు ముద్దుగా ‘బూచాడు’ అంటారు. 2004లో ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునేటప్పుడు చికాగో జట్టు అతణ్ని 260వ ఎంపికగా తీసుకుంది, ఒక్క ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ కూడా ఆడించలేదు. క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ చేతిలో ఓటమి ఖాయమనిపించినప్పుడు చివరి రెండు నిమిషాల్లో స్కోరు సమం చేసింది ఆ బూచాడే. సెమీస్‌లో రష్యా మీద ఏకైక గోల్ అతడిదే. ఫైనల్లో కెనడా మీద మూడు గోల్స్‌లో రెండు అతడివే. చికాగో వాళ్లకు అక్కర్లేకపోయిన మనిషి నుంచి ఇంత ఆట ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు కొంత అతడి కర్రలో ఉంది, కొంత బెంచి వెనక ఉంది. యలొనెన్ జట్టులో అయిదుగురూ కలిసి ముందుకు వెళతారు, అయిదుగురూ కలిసి వెనక్కి వస్తారు. అందులో ఒక్కడి మెరుపు కోసం ఎదురుచూడటం కనిపించదు.

ఆటగాడిగా తార కానివాడు ఇంత మంచి కోచ్ ఎలా అయ్యాడు? తారలకు కొన్ని సంగతులు చేతికి సహజంగా అబ్బుతాయి. అబ్బినదాన్ని విప్పి చెప్పడం కష్టం. చెమటోడ్చి నేర్చుకున్నవాడికి ఏ మెట్టు ఎక్కడుందో గుర్తుంటుంది. ఈ మాటను సూత్రంగా రాసుకోబోతే మాత్రం మరో యలొనెన్ అడ్డొస్తాడు. కారి యలొనెన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడి వచ్చినవాడు, కోచ్‌గానూ ఘనుడే. 2022లో ఫిన్లాండ్ నగరం టాంపెరెలో యుక్కా జట్టు ప్రపంచ స్వర్ణం గెలిచిన రోజునే, కారి శిక్షణలోని చెక్ జట్టు కాంస్యం అందుకుంది.

ఆ 2022 ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్. కోవిడ్ పరీక్షలో పాజిటివ్ రావడంతో ఆంటిలాను అక్కడ గదిలో ఒంటరిగా ఉంచేశారు. సాధారణంగా గొంతు పెంచని యలొనెన్ విలేకరుల ముందు కూర్చుని, తమ ఆటగాడు ఆరోగ్యంగా ఉన్నా బయటికి వదలడం లేదని, సరైన తిండి కూడా పెట్టడం లేదని, అతడి మానవ హక్కులను గౌరవించడం లేదని కుండబద్దలు కొట్టారు. ఆతిథ్య దేశంలో కూర్చుని ఆ మాట అనడానికి గుండె కావాలి. ఆంటిలా బయటికొచ్చాడు, ఆడాడు. ఫైనల్లో రష్యన్ ఆటగాళ్లు ముందుగా గోల్ కొట్టారు. విల్లే పొక్కా సమం చేశాడు, మూడో అంకం మొదలైన అర నిమిషానికి హన్నెస్ బ్యోర్నినెన్ గెలుపు గోల్ వేశాడు. అంతకుముందు రెండు రజతాలు, నాలుగు కాంస్యాల దగ్గరే ఆగిపోయిన ఫిన్లాండ్‌కు ఐస్ హాకీలో అది తొలి ఒలింపిక్ స్వర్ణం. మూడు నెలల తర్వాత టాంపెరెలో, సొంత జనం మధ్య, కెనడా మీద 3-1 ఆధిక్యం చివరి నిమిషాల్లో చేజారి, అదనపు సమయంలో సకారి మన్నినెన్ గోల్‌తో ప్రపంచ స్వర్ణం దక్కింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. వీళ్లు రచ్చలో మూడు ప్రపంచ స్వర్ణాలు నెగ్గాకే ఇంట మొదటిది గెలిచారు.

ఓటములూ ఉన్నాయి. ఆయన కోచ్‌గా పనిచేసిన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ధనిక క్లబ్బు ఎస్‌కేఏతో బంధం 2014లో తెగిపోయింది. టాంపెరె సంబరం తర్వాత వరుసగా రెండేళ్లు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో క్వార్టర్ ఫైనలే దాటలేదు. 2023లో కెనడా ఆపింది. 2024లో 2-1తో, అదీ అదనపు సమయంలో, ఓడించింది ఎవరో కాదు, 2011లో ఆరు గోల్స్ తిన్న స్వీడనే. అక్కడితో ఆయన ఒప్పందం ముగిసింది. ఆ శరదృతువులో కొత్త సీజన్ మొదలయ్యేసరికి ఆ బెంచి వెనక ఆంటి పెన్ననెన్ నిలబడి ఉన్నాడు.