తడిసిన ధాన్యం పైన పెట్టండి

రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మన మొహల్లాల్లోకి కాలేజీ పీఆర్వోలు దిగుతారు. మన ఇళ్లకు మనవాళ్లనే పంపుతారు. "అస్సలాము అలైకుమ్ ఖాలా, మనది మైనారిటీ కాలేజీ. బుర్ఖాకు ఇబ్బంది లేదు, బస్సు గల్లీ దాకా వస్తుంది, ఫీజు మొత్తం సర్కారే కడుతుంది. ఒరిజినల్స్ ఇస్తే సీటు పక్కా" అంటారు. అమ్మీ అల్మారీలోంచి సర్టిఫికెట్ల కవర్ తీసి ఇచ్చేస్తుంది.

ఈ సిబ్బందికి నీతి నియమాల మీద ట్రైనింగ్ ఇస్తే సరిపోతుందనేవాళ్లు ఉన్నారు. ఇవ్వండి, మంచిదే. కానీ నా సవాల్ ఒకటే. సీటుకు ఇంత అని కమిషన్ తీసుకునే మనిషికి పొద్దున సచ్చాయీ మీద క్లాసు చెప్పి, సాయంత్రం "ఈ వారం ఎన్ని అడ్మిషన్లు?" అని అడిగితే, అతనికి ఏ పాఠం గుర్తుంటుంది?

"ఫీజు మొత్తం సర్కారే" అన్న మాటనే చూడండి. తెలంగాణలో ఇంజనీరింగ్ చేరే బీసీ-ఈ పిల్లలకు ర్యాంకు పదివేలు దాటితే సాధారణంగా రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000 రూపాయలే. కాలేజీ ఫీజు అంతకన్నా ఎక్కువైతే మిగతాది అబ్బా జేబులోంచే. ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటితే అదీ రాదు. మేనేజ్‌మెంట్ కోటాలోనో స్పాట్‌లోనో చేరితే పైసా రాదు. ఇవి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పరు. చెబితే అబ్బా లెక్క వేసుకుంటాడు, కమిషన్ పోతుంది.

ఇక సర్టిఫికెట్లు. సర్కారు బకాయిలు విడుదల చేయలేదని పిల్లల ఒరిజినల్స్ ఆపేస్తారు. బాకీ సర్కారుది, వసూలు చేసుకోవాల్సింది కాలేజీ. మధ్యలో తాకట్టు మన పిల్లలా? ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇవ్వాలని, దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితాలు కాలేజీ చేతిలో అమానత్. అమానత్‌ను అడ్డం పెట్టుకుని డబ్బు అడగడాన్ని ఖయానత్ అంటారు. కొడుకైతే అప్పో సప్పో చేసి విడిపిస్తారు. కూతురైతే "ఇంత తాలీమ్ చాలు, రిష్తా చూద్దాం" అంటారు. పీఆర్వో ఆడిన ఒక ఝూట్ ఆ పిల్ల జిందగీ మీద పడుతుంది.

"టార్గెట్ లేకపోతే సీట్లు నిండవు, కాలేజీ మూతపడుతుంది" అంటారు యాజమాన్యాలు. నిజం చెబితే నిండని కాలేజీ ధోకాతో నిండితే కౌమ్‌కు ఏం ఫాయిదా? అమెరికాలో సర్కారీ సాయం అందుకునే కాలేజీలు విద్యార్థికి ఇంత అని కమిషన్ ఇవ్వకూడదని 1992లోనే చట్టం తెచ్చారు. ఇక్కడా రీయింబర్స్‌మెంట్ సర్కారీ సొమ్మే కదా! నేను పీఆర్వోను తిట్టడం లేదు. చాలాసార్లు అతనూ డిగ్రీ చదివి నౌకరీ దొరకని మన బిడ్డే. గునాహ్ అతనికి టార్గెట్ రాసిచ్చినవాడిది.

బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి, లోపల తడి తగిలినప్పుడు, ఆ తడిసింది పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని నిలదీశారు మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం). అడ్మిషన్ సిబ్బందికి ఇంతకన్నా పెద్ద ట్రైనింగ్ ఏముంది? బిస్మిల్లాహ్‌తో బ్రోషర్ మొదలుపెట్టే కాలేజీలు ముందు ఇది పాటించాలి. పీఆర్వోకు కమిషన్ ఆపి నెల జీతం ఇవ్వాలి. నాలుగేళ్ల పూర్తి ఖర్చు, సర్కారు ఇచ్చేదెంత, ఇంటివాళ్లు కట్టేదెంత, కిందటేడు ఎంతమంది పాసయ్యారు అన్నది తెలుగులో, ఉర్దూలో రాసి సంతకం చేసి ఇవ్వాలి. జిరాక్స్ ఉంచుకుని ఒరిజినల్స్ అదే రోజు వాపస్ చేయాలి.

మస్జిద్ కమిటీలకు ఒక గుజారిష్. జుమ్మా తర్వాత కరపత్రాలు పంచుతామని కాలేజీవాళ్లు వస్తే, ముందు ఆ సంతకం చేసిన కాగితం అడగండి. వాలిదైన్‌కూ అదే మాట. కాగితం చేతికి రాకుండా అల్మారీ తెరవకండి.