డాక్టర్లొచ్చారు, ఖాళీలు లెక్కపెడదాం

ఊళ్ళ మధ్యనున్న సర్కారు ఆసుపత్రికి కొత్త డాక్టర్లు వస్తే ముందు సంతోషించేది మనమే. డబ్బున్న ఆసామికి జ్వరమొస్తే కారెక్కి పట్నం పోతాడు. కూలికి పోయే మాల మాదిగలకు ఆ ఆసుపత్రే దిక్కు. అందుకని కొత్తగా చేరే డాక్టర్లకు, నర్సమ్మలకు మనసారా స్వాగతం చెబుదాం. చెప్పి ఊరుకోవద్దు, లెక్క అడుగుదాం.

ఏమిటా లెక్క? సామాజిక ఆరోగ్య కేంద్రం అంటే 30 పడకల ఆసుపత్రి. మైదానంలో 1,20,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 మందికి ఒకటి ఉండాలని సర్కారే పెట్టుకున్న కొలత. అందులో ఆపరేషన్ల డాక్టరు, జబ్బుల డాక్టరు, కాన్పుల డాక్టరు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు ఉండాలి. 2022 నాటి కేంద్ర ప్రభుత్వ లెక్క చూస్తే, దేశంలో పల్లెటూళ్ళ కేంద్రాలకు కావలసిన స్పెషలిస్టుల్లో నూటికి దాదాపు 80 మంది లేరు. ఇది మనం గిట్టక అన్న మాట కాదు, వాళ్ళే అచ్చేసుకున్న మాట.

కాన్పుల డాక్టరు వచ్చింది, మత్తు డాక్టరు రాలేదనుకోండి. బిడ్డ అడ్డం తిరిగితే ఆపరేషన్ చేసే దారి లేదు. చీటీ రాసి జిల్లా ఆసుపత్రికి పొమ్మంటారు. లేదంటే ప్రైవేటు నర్సింగ్ హోమూ, నూటికి మూడు రూపాయల వడ్డీ, అది తీరేదాకా ఆసామి దగ్గర చాకిరీ. కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, రానూపోనూ బండి అన్నీ ఉచితమని 2011లోనే ప్రకటించారు. కోసే చెయ్యి లేనిచోట ఆ ఉచితం ఎవరికి?

1992లో పశ్చిమ బెంగాల్లో హకీం షేక్ రైల్లోంచి పడితే తలకు దెబ్బ తగిలింది. సర్కారు ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో సుమారు 17,000 రూపాయలు వదిలాయి. అతని వెనక వ్యవసాయ కూలీల సంఘం నిలబడి సుప్రీంకోర్టు కెక్కింది. ప్రాణం మీదికొచ్చిన మనిషికి సర్కారు ఆసుపత్రి వైద్యం చెయ్యకపోతే జీవించే హక్కును కాలరాసినట్టేనని, డబ్బుల్లేవని తప్పించుకోకూడదని 1996లో తీర్పొచ్చింది. నష్టపరిహారం 25,000. ఆ తీర్పు తెచ్చింది కూలోళ్ళే.

వైద్యంతో పాటు మర్యాదా కావాలి. అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోవడం 1955 చట్టం ప్రకారమే నేరం. మన పిల్లలు చదివి డాక్టర్లై వస్తే 'కోటా డాక్టరు' అని నోరు పారేసుకునేవాళ్ళున్నారు. డిగ్రీ ఇచ్చే పరీక్ష అందరికీ ఒకటేనని వాళ్ళ మొహం మీదే చెప్పండి.

ఒక సంగతి మరవొద్దు. క్వార్టర్సు లేక, మందుల్లేక, నలుగురి పని ఒక్కరే చేసే డాక్టరు మీద కేకలేస్తే లాభం లేదు. ఖాళీలు నింపని వాళ్ళని నిలదియ్యాలి.

కార్యకర్తలు చెయ్యాల్సింది ఇదీ. ఎన్ని పోస్టులు మంజూరు, ఎన్ని నిండాయి, ఎవరు డిప్యుటేషన్ మీద పట్నంలో ఉన్నారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. డాక్టర్ల పేర్లూ వేళలూ గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. వేరేచోటికి పొమ్మంటే కారణం, టైము చీటీ మీద వేయించుకోండి. ఆసుపత్రి కమిటీలో మన వాడ ఆడమనిషికి కుర్చీ అడగండి.

అగ్గిపెట్టె కొన్న ప్రతి కూలీ పన్ను కడుతూనే ఉన్నాడు. ఆ డబ్బుతో నడిచే ఆసుపత్రిలో లెక్క అడగడానికి మొహమాటమెందుకు?