మజ్జిగ మోరీలో పోయొద్దు

నేను రాసేది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, నా అభిప్రాయం.

రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక మిగిలిన మజ్జిగ, పాలగిన్నెలు కడిగిన నీళ్ళు వంటగది వెనక మోరీలో పోస్తున్నాం. సాయంత్రానికి ఆ పుల్ల వాసన మనం పడుకునే గది దాకా వస్తుంది. ఈగలన్నీ అక్కడే. మోరీ కంపు కొడుతుందని తిట్టుకుంటాం గానీ, పోసేది మనమే కదా!

మా కోయ గూడెంలో మా అవ్వ ఇప్పటికీ మా ఆవు పాలు పితకనివ్వదు. "అవి దూడవి" అంటుంది. నేను రోజూ మజ్జిగ తాగడం హాస్టల్‌కి వచ్చాకే నేర్చుకున్నాను. ఇక్కడ మోరీలో పోస్తున్నామని సెలవుల్లో చెప్తే అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "దూడ నోటి కాడ లాక్కున్నారు. మీరూ తాగరు, నేలకీ పెట్టరా?" అంది. అందుకే ఇది రాస్తున్నా.

పాలల్లో నూటికి సుమారు 87 వంతులు నీళ్ళే. మిగతా దాంట్లో మాంసకృత్తులు, కాల్షియం, భాస్వరం ఉంటాయి. మాంసకృత్తుల్లో నత్రజని ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు వాటిని కుళ్ళబెడితే మొక్క తీసుకుంటుంది. మోరీలో అయితే కంపు, మట్టిలో అయితే ఎరువు. ప్రకృతి సేద్యం చేసే రైతులు పుల్ల మజ్జిగని నీళ్ళలో కలిపి తెగుళ్ళకి పిచికారీ కూడా చేస్తారు.

కానీ చిక్కటి మజ్జిగ తెచ్చి మొక్క మొదట్లో కుమ్మరించకూడదు. వాసనొస్తుంది, వేరుకి మంచిది కాదు. ఒక చెంబు మజ్జిగకి పది చెంబుల నీళ్ళు కలపాలి. గిన్నెలకి సబ్బు వేయకముందు కడిగిన మొదటి నీళ్ళే పట్టాలి. ఎక్కువైతే ఆకులు, పేడ వేసిన గుంటలో పోసి పైన మట్టి కప్పాలి.

"చదువుకోడానికొచ్చాం, పేడ ఎత్తడానికా?" అని మా క్లాసులో ఒకమ్మాయి అంది. మా నాన్న కూడా పేడ ఎత్తొద్దనే నన్ను ఇక్కడికి పంపాడు. కానీ నత్రజని గురించి పరీక్షలో రాసి, దాన్నే మోరీలో పారబోస్తే అదేం చదువు?

నేను అడిగేవి మూడే. తాగేటంతే పోయించుకుందాం. మోరీ పక్కన ఒక బకెట్ పెట్టించండి మేడమ్. గుంట పని చిన్న క్లాసోళ్ళ మీదే వేయకుండా తరగతికో వారం పెట్టండి. మొదటి వారం మా తొమ్మిదో తరగతే చేస్తుంది.

బీర పాదు కాస్తే మన కంచంలోకే వస్తుంది. తప్పుగా రాస్తే మన్నించాలి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని