ఇంకో గ్రెయిన్ మందు ఎందుకు?

కథలూ కవితలూ ఉండే సంకలనంలో తుపాకి మందు గురించి వ్యాసమేమిటని మొహం చిట్లించేవాళ్ళు ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. అమెరికాలో మనవాళ్ళు తుపాకీలు కొంటున్నారు. ఇండియాలో ఉన్న అమ్మకీ నాన్నకీ చెప్పకుండా కొంటున్నారు, ఇక్కడి స్నేహితులకి మాత్రం పిలిచి మరీ చూపిస్తున్నారు. వాళ్ళలో కొందరు వేటకి వెళ్తున్నారు. ఆ కొందరిలో మరికొందరు తమ తూటాలు తామే గరాజ్‌లో కూర్చుని తయారు చేసుకుంటున్నారు. నేను ఆ ఆఖరి గుంపులోవాణ్ణి. పగలు కంపెనీల సర్వర్లు బాగుచేస్తాను, రాత్రి మందు తూస్తాను. మందు అంటే మన శనివారం పార్టీల మందు కాదు లెండి!

వేటే తప్పనేవాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళ వాదనలో న్యాయముంది, నా వాదనలోనూ ఉంది, అది వేరే వ్యాసం. నా పేచీ అంతా నా సాటివాళ్ళతో. ముఖ్యంగా 45-70 రైఫిల్ కొని, ఇంట్లో ప్రెస్సు బిగించిన మర్నాటి నుంచీ "ఇంకో గ్రెయిన్ వేస్తే ఎంత వేగం వస్తుంది?" అని అడిగేవాళ్ళతో.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. తూటాలో నాలుగే వస్తువులు: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. పేల్చాక ఇత్తడి మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, అచ్చులో నొక్కి పాత కొలతకి తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, బుల్లెట్ కూర్చి, మూతి నొక్కితే మళ్ళీ తూటా తయారు. ఇంగ్లీషులో దీన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు. ఇందులో తూకమంతా గ్రెయిన్లలో. పౌనుకి 7,000 గ్రెయిన్లు. మన కంసాలి త్రాసులో వేసే గురివింద గింజ బరువులో సుమారు సగం. మేం అందులో పదో వంతు కూడా తూస్తాం.

ఇక 45-70. అమెరికా సైన్యం 1873లో ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌తో పాటు దీన్ని తీసుకుంది. పేరులోనే లెక్క ఉంది: అంగుళంలో 45 వందల వంతుల గొట్టం, 70 గ్రెయిన్ల నల్లమందు. ముందు 405 గ్రెయిన్ల సీసపు గుండు. సెకనుకి 1,300 అడుగుల పైచిలుకు వేగం. ఆ నల్లమందు మనకి తెలియనిదేం కాదు. సూరేకారం, గంధకం, బొగ్గు. దీపావళికి పది రోజుల ముందు నుంచీ మన ఇళ్ళలో నూరి, ఆరబెట్టి, సిసింద్రీల్లో దట్టించినది అదే. దట్టింపు మితి మీరితే సిసింద్రీ పరిగెత్తదు, చేతిలో పేలుతుంది. పదేళ్ళ పిల్లాడికి కూడా తెలిసిన ఈ ముక్క, రెండు డిగ్రీలున్న మావాళ్ళకి గరాజ్‌లో ఎందుకు గుర్తు రాదో నాకర్థం కాదు.

అసలు చిక్కు ఇక్కడుంది. 1873 నాటి రైఫిల్, 1972లో మార్లిన్ మళ్ళీ మొదలుపెట్టిన 1895 లెవర్ యాక్షన్, రూగర్ నంబర్ వన్ అనే ఒంటితూటా రైఫిల్, ఈ మూడూ ఒకే 45-70 తూటా మింగుతాయి. మూడింటి ఉక్కూ ఒకటి కాదు, తూటాని మూసిపట్టే తాళమూ ఒకటి కాదు. పరిశ్రమ ప్రమాణం ఈ తూటాకి పెట్టిన పై హద్దు చదరపు అంగుళానికి 28,000 పౌన్ల ఒత్తిడి. పాత రైఫిళ్ళని దృష్టిలో పెట్టుకుని కావాలనే తక్కువగా పెట్టిన హద్దు అది. మందు కంపెనీలు మాత్రం తమ పుస్తకాల్లో మూడు వేర్వేరు పట్టికలు అచ్చేస్తాయి: పాత ట్రాప్‌డోర్‌కి ఒకటి, లెవర్ యాక్షన్‌కి ఒకటి, గట్టి ఒంటితూటా రైఫిళ్ళకి ఒకటి. మూడో పట్టికలోని తూటా మొదటి రైఫిల్లో పెడితే అది తూటా కాదు, బాంబు.

ఆ మూడు తూటాలనీ బల్ల మీద వరసగా నిలబెట్టండి. ఏది ఏదో చెప్పగలరా? కేసు అడుగున అచ్చు ఒకటే, పొడవు దాదాపు ఒకటే, మెరుపు ఒకటే. ఇత్తడికి నోరు లేదు. మీరు పెట్టె మీద చీటీ అంటించకపోతే మరెవరూ చెప్పరు. ఇది మన తర్వాతి సంగతి కూడా. ఈ దేశంలో మనిషి పోయాక గరాజ్ ఖాళీ చేసి సామాను అమ్మేస్తారు. మీ పెట్టె ఎవరి చేతికి పోతుందో, ఆ చేతిలో ఏ తాతగారి రైఫిల్ ఉంటుందో మీకు తెలియదు. "నా రైఫిల్ గట్టిది, నా ఇష్టం" అనేవాడు ఈ సంగతి ఆలోచించడు. తూటా మీ రైఫిల్‌ని గుర్తుపట్టి పేలదు.

సరే, వాళ్ళ వాదన కూడా విందాం. మూడు మాటలంటారు.

మొదటిది, "వేగం పెరిగితే గుండు తిన్నగా పోతుంది, దూరం నుంచి కొట్టొచ్చు." లెక్క చూడండి. 1,300 అడుగుల వేగంతో బయల్దేరిన 405 గ్రెయిన్ల గుండు, 100 గజాలకి గురి సరిచేసిన రైఫిల్ నుంచి 200 గజాలు వెళ్ళేసరికి సుమారు రెండడుగులు కిందకి దిగుతుంది. వేగం 1,800కి పెంచండి. అప్పటికీ అడుగుకి పైగానే దిగుతుంది. జింక గుండే ఊపిరితిత్తులూ ఉన్న చోటు సుమారు ఎనిమిది అంగుళాలు. అంటే దూరం సరిగ్గా తెలియనివాడికి రెండు తూటాలూ ఒకటే, రెండూ తప్పుతాయి. దూరం తెలిసినవాడు, మా అడవుల్లో వంద గజాల లోపే కొట్టేవాడు, నెమ్మది తూటాతో హాయిగా పని కానిస్తాడు. ఈ వేగమంతా పోసి కొన్నదేమిటి? దెబ్బ. అదే ఏడు పౌన్ల రైఫిల్లో, అదే గుండుకి, 1,300 నుంచి 1,800కి పోతే భుజం మీద పడే తన్ను శక్తి దాదాపు రెండింతలవుతుంది. ఆ తన్నుకి భయపడి ట్రిగ్గర్ లాగే ముందే కళ్ళు మూసుకునేవాళ్ళని రేంజ్‌లో ప్రతి అక్టోబర్‌లోనూ చూస్తున్నాను. కళ్ళు మూసుకుని పేల్చిన గుండు జింక పొట్టలో తగులుతుంది. పొట్టలో తగిలిన జింక వెంటనే చావదు. గంటల తరబడి చస్తుంది, పొదలో పడుకుని, ఒక్కోసారి మనకి దొరకనే దొరకదు. ఇంకో గ్రెయిన్ ఖరీదు కట్టేది మీ భుజం కాదు, ఆ జింక.

రెండోది, "ఎలుగుబంటి ఎదురైతే?" అయ్యా, అలాస్కా వెళ్ళే రోజున ఆ తూటా ఆ రైఫిల్‌కి రాసిన పట్టికలోంచి చేసుకోండి, నేనే సాయం పడతాను. కొలంబస్ నుంచి గంట దూరంలో తెల్లతోక జింక కోసం చెట్టెక్కి కూర్చునేవాడికి ఎలుగుబంటి గొడవెందుకు? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నల్లమందు తూటాల వేగం చాలదని ఏ జంతువూ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. కోట్లలో ఉన్న బైసన్లు 1880ల చివరికి వందల్లోకి పడిపోయింది ఆ నెమ్మది సీసపు గుళ్ళతోనే. ఆ చరిత్ర చదివినవాడికి కొరత శక్తిలో లేదనీ, హద్దులోనే ఉందనీ తెలియాలి.

మూడోది, "ప్రమాదమైతే ఇత్తడే చెబుతుంది, ప్రైమర్ చదునైపోతే ఆపేస్తాను." ఇది చదువుకున్నవాళ్ళ మూర్ఖత్వం. లెవర్ యాక్షన్లో బోల్టు వెనక వైపు తాళం పడుతుంది. ఒత్తిడికి ఆ పొడవంతా కొంచెం సాగుతుంది, ఇత్తడీ సాగుతుంది. 28,000కి పుట్టిన తూటాలో, ఇత్తడి మీద గుర్తులు కనిపించేసరికి మీరు హద్దు దాటి చాలా దూరం వచ్చేసి ఉంటారు. మన ఉద్యోగంలో టెస్టింగ్ లేకుండా కోడ్‌ని ప్రొడక్షన్లోకి వదిలితే మహా అయితే రాత్రి రెండింటికి ఫోనొస్తుంది, రోల్‌బ్యాక్ చేసి పడుకుంటాం. ప్రైమర్‌కి రోల్‌బ్యాక్ లేదు. మీ చెంప బోల్టుకి అంగుళాల దూరంలో ఉంటుంది.

ఇంకా ఉంది. ఈ కేసు 70 గ్రెయిన్ల నల్లమందు పట్టడానికి చేసినది. ఇప్పటి పొగలేని మందుల్లో కొన్ని అందులో సగం కూడా నిండవు. మాటల్లో పడి రెండోసారి పోసినా పొర్లదు, తెలియదు. అందుకే బుల్లెట్ కూర్చే ముందు ప్రతి కేసులోకీ దీపం వేసి చూడాలి. గొట్టపు మ్యాగజీన్లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కి ఆని ఉంటుంది. కాబట్టి మొనదేలిన గట్టి బుల్లెట్ పనికిరాదు, చదును మొనే కావాలి. లేదా హోర్నడీ తెచ్చినట్టు మెత్తటి కొన ఉన్నదైనా కావాలి, దానికి కేసు పొడవు తగ్గించి కత్తిరించుకోవాలి. మూతి గట్టిగా నొక్కకపోతే తన్నుకి వెనక తూటాల బుల్లెట్లు లోపలికి దిగిపోతాయి, ఒత్తిడి పెరుగుతుంది. ఇన్ని జాగ్రత్తలున్న పనిలో, ఒక్కటీ అడక్కుండా, నేరుగా వేగం గురించి అడిగేవాడిని ఏమనాలి?

మరి ఎక్కువ వేగం కోసం కాకపోతే ఈ శ్రమంతా ఎందుకంటారా? సరిపోవడం కోసం. నా రైఫిల్‌కి ఏ బుల్లెట్ నచ్చుతుందో, ఏ తూకానికి అయిదు గుళ్ళూ ఒక చోట పడతాయో వెతకడం కోసం. పుస్తకంలోని మొదలు తూకంతో మొదలుపెడతాను. ఒకసారికి ఒకటే మారుస్తాను. తేదీ, మందు, బ్యాచ్ నంబరు, ఎండా వానా అన్నీ నోటుబుక్కులో రాస్తాను. అత్యంత గురి తూకం పై హద్దు దగ్గరే ఉండాలన్న నియమమేమీ లేదు, ఎంతో కిందనే దొరకవచ్చు. దొరికిన చోట ఆగిపోవడమే ఈ విద్యలో అసలు విద్య.

మాంసం సంగతీ చెప్పాలి, మన ఇంట్లో పిల్లలు తింటారు కనక. మెత్తటి సీసపు బుల్లెట్ ఎంత వేగంగా తగిలితే అంత ముక్కలవుతుంది, ఆ పొడి గాయానికి చాలా దూరం దాకా చెదురుతుంది. 2008లో నార్త్ డకోటా ఆరోగ్య శాఖ, దానంగా వచ్చిన జింక మాంసంలో సీసపు తునకలున్నాయని పేదలకి పంచవద్దంది. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసమే నిషేధించింది. రాగి బుల్లెట్లున్నాయి, వాడండి. సీసమే వాడతానంటే కనీసం వేగం తగ్గించండి, గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయండి.

ఇంకో మాట, మనవాళ్ళకే ప్రత్యేకం. ఫోన్లో "అన్నా, నీ తూకం ఎంతో చెప్పవా" అని అడుగుతారు, పులిహోరలో ఇంగువ ఎంత అన్నట్టు. నేను చెప్పను. ఈ వ్యాసంలో కూడా ఒక్క మందు పేరూ ఒక్క తూకమూ రాయలేదు, గమనించారో లేదో. పుస్తకం కొనుక్కోండి, మీ రైఫిల్ పట్టిక మీరు చూడండి. నోటి మాటగా వచ్చిన అంకెలో ఒక్క అక్షరం మారినా మోసపోయేది మీరే. హెచ్ వన్ బీ మీద ఉన్న తమ్ముళ్ళకి ఇంకో హెచ్చరిక: వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు లేకుండా మీరు తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరమే. గుర్తుగా ఉంచుకోమని వాళ్ళ జేబులో తూటా వేసే అన్నలు, అది బహుమతి కాదని తెలుసుకోవాలి.

మా ఒహాయో ఇలాంటి తూటాల రైఫిళ్ళని జింకల వేటకి 2014లో అనుమతించింది. అనుమతిస్తూనే, తుపాకిలో మూడు తూటాలకి మించి ఉండకూడదంది. ఆ నియమం నాకు ఇష్టం. మన చామల లోయల్లో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ ఎక్కువగా మోసిందీ లెవర్ యాక్షనే, 405 విన్‌చెస్టర్. ఆయన కథలు చదివినవాళ్ళకి గుర్తుండేది ఆ తూటా వేగం కాదు, రాత్రంతా కదలకుండా చెట్టు మీద కూర్చున్న ఓపిక.

అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ మనకి అన్నీ పెద్దవే కావాలి. ఇల్లు, కారు, గుడి గోపురం, పిల్లల మార్కులు. పెంచుకోండి, ఎవరికీ ప్రాణహాని లేదు. తూటా దగ్గర మాత్రం చేతులెత్తి దణ్ణం పెడతాను. త్రాసు మీద ఆ ఆఖరి గ్రెయిన్ వెయ్యబోయే ముందు, అది ఎవరి కోసమో ఒక్కసారి అడగండి. జింక అడగలేదు. రైఫిల్ అడగలేదు. అడుగుతున్నది ఎవరో మీకు తెలుసు. గరిటె కింద పెట్టండి.