క్రాఫ్ట్‌ను కాపాడిన నియమం మనకెందుకు దక్కలేదు?

2019 జనవరి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, జూపిటర్ అనే ఊరు. అక్కడి ఒక మసాజ్ స్పాలో అనుమానాస్పద వస్తువు ఉందని చెప్పి పోలీసులు అందర్నీ బయటికి పంపేశారు. అలాంటిదేమీ లేదు. ఖాళీ అయిన గదుల్లో రహస్య కెమెరాలు బిగించడానికి ఆడిన నాటకం అది. ఆ తర్వాత అయిదు రోజుల పాటు లోపలికి వచ్చిన ప్రతి మనిషీ బట్టలు విప్పడం దగ్గర్నుంచి పోలీసులు చూస్తూ, రికార్డు చేస్తూ కూర్చున్నారు. అలా దొరికిన వాళ్లలో రాబర్ట్ క్రాఫ్ట్ ఒకడు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అనే ఫుట్‌బాల్ జట్టు యజమాని, శతకోటీశ్వరుడు, అప్పటికి 77 ఏళ్లు. జనవరి 19, 20 తేదీల్లో రెండుసార్లు వచ్చాడని అభియోగం. రెండోసారి వచ్చిన రోజే సాయంత్రం అతని జట్టుకి సూపర్ బౌల్‌కి అర్హత తేల్చే మ్యాచ్ ఉంది.

ఫిబ్రవరిలో పోలీసులు ప్రెస్ మీట్ పెట్టినప్పుడు చెప్పింది విటుల కథ కాదు, మనుషుల అక్రమ రవాణా కథ. చైనా నుంచి తెచ్చిన ఆడవాళ్లను బంధించి ఈ పని చేయిస్తున్నారని, వాళ్లను కాపాడుతున్నామని. ఎవరికైనా గుండె కరిగే మాట. కానీ జూపిటర్ కేసులో ఒక్కరి మీద కూడా అక్రమ రవాణా అభియోగం పెట్టలేదు. దానికి ఆధారాల్లేవని కొన్ని వారాలకే ప్రాసిక్యూషన్ వాళ్లే కోర్టులో ఒప్పుకున్నారు. చివరికి మిగిలింది క్రాఫ్ట్ మీద రెండు చిన్న నేరాలు, అతనితో పాటు మరో ఇరవై మందికి పైగా మగవాళ్ల మీద అలాంటివే, స్పా నడిపిన ఆడవాళ్ల మీద వాటికంటే బరువైన కేసులు.

క్రాఫ్ట్ దేశంలో పేరుమోసిన లాయర్లను పెట్టుకున్నాడు. వాళ్లు ఆయన అక్కడికి వెళ్లాడా లేదా అన్న వాదనకే పోలేదు. కెమెరా పెట్టిన పద్ధతి మీద పడ్డారు. పోలీసుల చేతిలో వారెంట్ ఉంది, దాని మీద జడ్జి సంతకమూ ఉంది. కానీ నేరంతో సంబంధం లేని మనుషుల్ని రికార్డు చేయకుండా ఎలా జాగ్రత్తపడాలో ఆ వారెంట్లో లేదు. ఒంటినొప్పులకి మామూలు మసాజ్ చేయించుకోవడానికి వచ్చిన వాళ్లు, ఆడవాళ్లతో సహా, నగ్నంగా పోలీసు రికార్డుల్లోకి ఎక్కారు. 2019 మే నెలలో కింది కోర్టు ఆ వీడియోని సాక్ష్యంగా చెల్లదంది. ప్రభుత్వం అప్పీలుకి వెళ్లి ఒక తెలివైన వాదన చేసింది. అమాయకుల వీడియోలు తీసేయండి, తప్పు చేసినవాడి వీడియో మాత్రం ఉంచండి అని. 2020 ఆగస్టులో అప్పీలు కోర్టు దానికి ఒప్పుకోలేదు. పద్ధతే ఇంతగా చెడిపోయినప్పుడు మొత్తం పోవాల్సిందేనంది. సెప్టెంబరులో క్రాఫ్ట్ మీద కేసు ఎత్తేశారు. తర్వాతి ఏడాది ఆ వీడియోలను ధ్వంసం చేయమని ఫెడరల్ కోర్టు ఆదేశించింది.

డబ్బున్నోడు బయటపడ్డాడు, అంతే కదా అని చాలామంది అన్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. క్రాఫ్ట్ 2019 మార్చిలోనే క్షమాపణ చెబుతూ ఒక ప్రకటన ఇచ్చాడు. చట్టం దృష్టిలో దోషి కాడు కానీ, ఆ ప్రకటన చదివినవాడికి అక్కడ ఏదీ జరగలేదనైతే అనిపించదు. అయినా నా లెక్కలో ఆ కోర్టు తీర్పు సరైనది. ఒక మనిషి చేసింది తప్పా కాదా అనేది ఒక ప్రశ్న. రాజ్యం అతని మీదికి ఏ దారిన వచ్చింది అనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికిందని రెండోదాన్ని వదిలేస్తే, పోలీసుకి ఇక ఏ దారైనా రాజమార్గమే.

నాకు కోపం వచ్చేది వేరేచోట. అదే స్పాలో పనిచేసిన ఆడవాళ్ల పేర్లు, ఫొటోలు మొదటి రోజు నుంచే ప్రపంచమంతా తిరిగాయి. బాధితులన్న నోటితోనే వాళ్లను ముద్దాయిలన్నారు. స్పా నడిపిన ఇద్దరు చివరికి చిన్న నేరం ఒప్పుకుని, జరిమానాలు కట్టి బయటపడ్డారు. క్రాఫ్ట్‌కి కేసే లేకుండా పోయింది, వాళ్లకి నేరం రికార్డులో మిగిలింది.

ఇక మన దగ్గరికి వద్దాం. 'స్పా ముసుగులో వ్యభిచారం' అనే వార్త తెలుగు పత్రికల్లో వారానికొకటైనా కనబడుతుంది. చున్నీలు ముఖాలకు కప్పుకుని వరసగా కూర్చోబెట్టిన ఆడపిల్లలు, వెనక నిలబడ్డ పోలీసులు. విటుడు పెద్ద ఇంటివాడైతే వార్తలో 'ఓ వ్యాపారి' అవుతాడు. ఈ దాడులకి చట్టంలో పద్ధతి లేదా? ఉంది. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వారెంట్ లేకుండా సోదా చేస్తే ఇద్దరు గౌరవనీయులైన స్థానికులను సాక్షులుగా పిలవాలి, అందులో కనీసం ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. మన ఊళ్లలో ఎవరు గౌరవనీయులో, ఎవరు కారో పోలీసులకి ఎవరూ నేర్పక్కర్లేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ పద్ధతి పాటించకపోతే ఏమవుతుంది? 1960ల చివర్లో బాయి రాధ కేసులో ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సోదా నియమాలు సరిగ్గా పాటించకపోయినా అంతమాత్రాన విచారణ చెల్లకుండా పోదు అని కోర్టు తేల్చింది. ఫ్లోరిడాలో శతకోటీశ్వరుడికి దొరికింది గుజరాత్‌లో ఆ ఆడమనిషికి దొరకలేదు.

ఈ తేడా ఎక్కడ మొదలైందో వెతికితే అంబేడ్కర్ కనబడతారు. క్రాఫ్ట్ లాయర్లు పట్టుకున్న ఆయుధం అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ. అకారణమైన సోదాల నుంచి, జప్తుల నుంచి మనుషుల శరీరాలకీ, ఇళ్లకీ, కాగితాలకీ రక్షణ ఇచ్చేది అది. సరిగ్గా అలాంటి హక్కునే బాబాసాహెబ్ 1947 మార్చిలో రాజ్యాంగ సభ సలహా సంఘానికి ఇచ్చిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో ప్రాథమిక హక్కుగా అడిగారు. షెడ్యూల్డ్ కులాల తరఫున రాసిన పత్రంలో ఈ హక్కు ఎందుకుందో మన వాడల్లో పెరిగినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఊళ్లో దొంగతనం జరిగితే మొదట తలుపు తట్టేది ఎవరిదో అందరికీ తెలుసు. ఆ హక్కు పెడితే పోలీసు దర్యాప్తుకి అడ్డమని బి.ఎన్. రావు అభ్యంతరం చెప్పారు. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా వద్దన్నారు. అది రాజ్యాంగంలోకి రాలేదు.

అది రాలేదన్న సంగతే తర్వాత వాదనగా మారింది. 1954లో ఎం.పి. శర్మ కేసులో సుప్రీంకోర్టు, మన రాజ్యాంగంలో అమెరికా నాలుగో సవరణ లాంటిది లేదు కాబట్టి దాన్ని వెనకదారిన తీసుకురాలేమంది. 1973లో పూరన్‌మల్ కేసులో, సోదా చట్టవిరుద్ధమైనా దొరికిన సాక్ష్యం పనికొస్తుందంది. తమాషా ఏమిటంటే పూరన్‌మల్ కేసు ఆదాయపన్ను దాడిది. ఓడిపోయింది డబ్బున్నవాడే, కానీ ఆ తీర్పు బరువు మోస్తున్నది లాయర్ ఫీజు కట్టలేనివాళ్లు. 2017లో పుట్టస్వామి తీర్పులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు, 1947 నాటి అంబేడ్కర్ ప్రతిపాదననూ గుర్తుచేశారు. అయినా దొడ్డిదారిన తెచ్చిన సాక్ష్యాన్ని పారేయాలన్న నియమం మాత్రం మనకింకా రాలేదు.

అలాంటి నియమం వస్తే దాన్ని ముందు వాడుకునేది ఇక్కడి క్రాఫ్ట్‌లే కదా అని ఒక మిత్రుడు అడిగాడు. వాడుకుంటారు. వాళ్లు ఇప్పుడూ తప్పించుకుంటూనే ఉన్నారు, ఫోన్ కాల్‌తో. స్టేషన్‌కి ఫోన్ చేయించుకోలేనివాడికి కాగితం మీద ఉన్న నియమమే దిక్కు. మన జైళ్లలో విచారణ ఖైదీల్లో అయిదుగురిలో ఒకరు దళితులు. వాళ్ల కేసుల్లో పంచనామా ఎక్కడ రాశారు, సాక్షులు ఎవరు, సంతకాలు ఎప్పుడు పెట్టించారు అని తవ్వితే ఎన్ని నిలబడతాయి?

1949 సెప్టెంబరు 15న, ఇప్పటి 22వ అధికరణం ప్రవేశపెడుతూ అంబేడ్కర్ సభలో దాచకుండా ఒక మాట చెప్పారు. 21వ అధికరణంలో 'న్యాయమైన ప్రక్రియ' అన్న మాట తీసేసినందుకు ఇది పరిహారమని. అరెస్టుకి కారణం చెప్పాలి, లాయర్‌ని కలవనివ్వాలి, ఇరవైనాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. అరెస్టు విషయంలో ఆ మేరకు పరిహారం దక్కింది. సోదా విషయంలో అదీ దక్కలేదు.

2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు, దాడుల్లో దొరికిన సెక్స్ వర్కర్లను వేధించొద్దనీ, మీడియా వాళ్ల ఫొటోలు వేయొద్దనీ ఆదేశించింది. ఆ తర్వాత కూడా చున్నీల ఫొటోలు ఆగలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం ప్రతి సోదానీ పోలీసులు వీడియో తీయాలి, ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకి పంపాలి. తీయకపోతే ఆ సోదాలో దొరికింది చెల్లుతుందా లేదా అన్నది ఆ సెక్షన్లో రాయలేదు.